ముదిగుబ్బకు వీసా

బట్టికలోవా, శ్రీలంక
24 మార్చి 2002

తమ్ముడు జయరాంకు అక్క దీవెనలు.

నేను వస్తున్నాను. ఈ ఒక్క మాట పోయి అమ్మకు చెప్పి రా. మిగిలింది తర్వాత చదువు.

చెప్పావా? ఇక విను. పోయిన నెలలో ఇక్కడ రెండు పక్షాల వాళ్లూ కాల్పులు ఆపుతామని ఒప్పందం చేసుకున్నారు. నమ్మడానికి మాకు నెల పట్టింది. మొదటి వారం వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడనైనా లేదు. ఇప్పుడు కొలంబో రోడ్డు తెరిచారు. పన్నెండేళ్లుగా సెలవు అడగడమే మరిచిపోయిన మా ఆసుపత్రి నర్సులంతా సెలవు చీటీలు రాస్తున్నారు. నేనూ రాశాను. సెప్టెంబరులో ముప్పై రోజులు ఇస్తామన్నారు.

దారి కూడా చూసుకున్నాను. కొలంబో నుంచి మద్రాసుకు విమానం, మద్రాసు నుంచి బెంగళూరుకు రైలు, బెంగళూరు నుంచి ధర్మవరానికి ఇంకో రైలు. ధర్మవరంలో కదిరి బస్సు ఎక్కితే ముదిగుబ్బ. అక్కడి నుంచి మన గుట్టకిందపల్లికి నాలుగు మైళ్లు నడుస్తాను. ఆటోలు వచ్చాయని రాశావు, అయినా నడుస్తాను.

ఒక చిక్కుంది. పెళ్లయ్యాక ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాను కదా. అందుకని నేనిప్పుడు ఇండియాకు పరదేశిని. పుట్టింటికి రావడానికి వీసా అడగాలి. "ఈమె మా అక్క, మా ఇంట్లో ఉంటుంది, నెల రోజుల్లో తిరిగి పోతుంది, నాది పూచీ" అని నువ్వు ఒక ఉత్తరం రాసి పంపాలి. ముదిగుబ్బ హైస్కూలులో నా పదో తరగతి టీసీ నకలు దొరికితే అదీ పంపు. పోలీసులు ఒకసారి ఇంటికొచ్చి విచారించి పోతారట. భయపడకు, అది మామూలే.

అమ్మ గొంతు విని ఇరవై ఒక్క సంవత్సరాలు. నీ ఉత్తరాల చివర అమ్మ చెప్పి రాయించే ఆ రెండు మూడు మాటలే నాకు ఇన్నాళ్లూ దిక్కు. నాలుగేళ్ల కిందట బెంగళూరు పోయే సిస్టరమ్మతో పంపిన ఆకుపచ్చ చీర ఇంకా కడుతోందా? రంగు దిగిందేమో. ఈసారి రెండు తెస్తాను.

తెలుగులో రాసేది నీకొక్కడికే. అందుకే అక్షరాలు వంకర పోతున్నాయి.

మీ అక్క
వనజాక్షి


గుట్టకిందపల్లి
28 ఏప్రిల్ 2002

అక్కకు జయరాం నమస్కారం.

నీ ఉత్తరం అందింది. నీ మరదలు కదిరమ్మ, పాప మల్లీశ్వరి నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. పాప పదో తరగతి పరీక్షలు రాసింది.

ఇక్కడి సంగతి ఏమని రాయను? మూడేళ్లుగా వాన సరిగా లేదు. పోయిన సంవత్సరం చెనక్కాయ చెట్టుకు రెండు కాయలు కూడా లేవు. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. మూడు రోజులకు ఒకసారి ట్యాంకరు వస్తే ఇంటికి ఆరు బిందెలు. సగం ఊరు బెంగళూరుకు కూలికి పోయింది. పశువులను సంతలో అయినకాడికి తోలేశారు. నావి పద్దెనిమిది గొర్రెలు మిగిలాయి. ఇట్లాంటప్పుడు నువ్వు వచ్చి ఏమి చూస్తావు? స్నానానికి నీళ్లు ఇవ్వలేని ఇంటికి ఆడబిడ్డను ఎట్లా రమ్మనేది?

అమ్మకు చెప్పాను. చాలా సంతోషపడింది. "ఈ కరువులో బిడ్డను యాడ రమ్మంటావప్పా, వానలు పడినాంక రమ్మను" అని రాయమంది. ఆకుపచ్చ చీర బాగానే ఉంది. పండగలకు అదే కడుతుంది.

స్కూలుకు పోయాను. హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు. పూచీ ఉత్తరం ఎట్లా రాయాలో తెలిసినవాళ్లను అడిగి పంపుతాను. తొందర లేదు కదా.

తమ్ముడు
జయరాం


బట్టికలోవా
9 జూన్ 2002

జయరాం,

పోయిన వారం కొలంబో పోయి వచ్చాను. బస్సులో పది గంటలు. దారిలో నాలుగు చోట్ల దింపి సంచులు చూశారు. ఇదివరకు లెక్కలేనన్ని చోట్ల దింపేవాళ్లు. అందుకని బస్సులో అందరూ పెళ్లికి పోతున్నట్టు నవ్వుతూ కూర్చున్నారు.

వీసా ఆఫీసు ముందు పొద్దున ఆరింటికే వరుస వీధి మలుపు దాటింది. అందరూ బుద్ధగయకో, కాశీకో, తిరుపతికో పోయేవాళ్లు. నా పక్కనామె "మీరు ఏ క్షేత్రానికి?" అని అడిగింది. "ముదిగుబ్బకు" అన్నాను. "అక్కడ ఏ దేవుడు?" అంది. "దేవుడి సంగతి తెలీదు, చెనక్కాయలు బాగుంటాయి" అన్నాను.

కిటికీ దగ్గర కళ్లద్దాల ఆయన నా కాగితాలు రెండుసార్లు చదివాడు.

"పుట్టింది ఇండియాలోనే. మరి ఇప్పుడు సందర్శకులా?"

"అవునండీ."

"వివాహిత అని రాశారు. భర్త పాస్‌పోర్టు నంబరు రాయలేదే?"

"ఆయనకు పాస్‌పోర్టు లేదు."

"ఎక్కడున్నారు?"

"తెలియదు."

ఆయన కలం పక్కన పెట్టాడు. "అమ్మా, తెలియదు అని రాయడానికి ఇందులో గడి లేదు" అన్నాడు. కసిరినట్టు కాదు, మెల్లగానే అన్నాడు.

నీకు తొంభై నాలుగులో రెండు ముక్కల్లో రాసి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తాను. తొంభై సెప్టెంబరులో మేము శరణార్థుల శిబిరంలో ఉన్నాం. ఒక పొద్దున యూనిఫాంలో ఉన్నవాళ్లు వచ్చి మగవాళ్లను వరుసలో నిలబెట్టారు. ముఖానికి ముసుగేసుకున్న ఒకడు తలూపిన వాళ్లందరినీ లారీ ఎక్కించారు. మీ బావ శివపాలన్ లారీ మీద నుంచి చెయ్యి ఊపలేదు. నా వైపు చూస్తే నన్నూ పట్టుకుంటారని చూడలేదు. అంతే. ఆ తర్వాత మనిషి లేడు, శవమూ లేదు.

ఇక్కడ అట్లాంటి వాళ్లకు ప్రభుత్వం మరణపత్రం ఇస్తుంది. ఇంటివాళ్లు చనిపోయాడని రాసి సంతకం పెట్టాలి. ఎంతోమంది పెట్టారు. వాళ్లను తప్పు పట్టను, పిల్లలున్నారు వాళ్లకు. నా దగ్గరికీ కాగితం చాలాసార్లు వచ్చింది. కలం తీసుకుంటాను, మళ్లీ పక్కన పెట్టేస్తాను. చూడనిదాన్ని చూసినట్టు ఎట్లా రాసేది?

అందుకే వీసా కాగితంలో వివాహిత అనే ఉంచాను. ఆయన అట్లాగే తీసుకున్నాడు. ఇక కావలసింది నీ పూచీ ఉత్తరం ఒక్కటే. కరువు నాకు కొత్త కాదు, ఆరు బిందెల్లో చెంబెడు నీళ్లు చాలు. ఒక ఆదివారం అమ్మను ముదిగుబ్బ ఎస్టీడీ బూతుకు తీసుకురా. నంబరు రాస్తే నేను ఫోను చేస్తాను.

అక్క


గుట్టకిందపల్లి
14 జూలై 2002

అక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. బావ సంగతి ఇంత ఉందని నాకు తెలియదు.

ఫోను కుదరదు. అమ్మకు చెవి సరిగా వినబడదు. బస్సు ఎక్కితే వాంతులు.

నేను బాగా ఆలోచించి ఒక మాట రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. నువ్వు బెంగళూరు దాకా రా. అక్కడి నుంచి లేపాక్షి దగ్గర. మేమంతా అక్కడికి వస్తాం. నంది దగ్గర కలుసుకుందాం. వీరభద్రస్వామి దర్శనమూ అవుతుంది. అక్కడ గదులు దొరుకుతాయి, నీళ్లూ ఉంటాయి. దేశదేశాల వాళ్లు వచ్చిపోయే చోటు, నిన్ను ఎవరూ ఏమీ అడగరు. రెండు రోజులు ఉండి నువ్వు అటు, మేము ఇటు పోవచ్చు. ఊళ్లోకి వస్తే నలుగురు నాలుగు అంటారు. నాయన ఉన్నప్పుడు జరిగిందంతా మళ్లీ తవ్వుతారు. అమ్మ తట్టుకోలేదు.

పూచీ ఉత్తరంలో గుట్టకిందపల్లి అని కాకుండా లేపాక్షి అని రాస్తే సరిపోతుందేమో అక్కడ అడుగు.

జయరాం


బట్టికలోవా
11 ఆగస్టు 2002

జయరాం,

నాలుగు నెలల్లో నువ్వు పంపిన సాకులు చదివాను. కరువు, హెడ్మాస్టరు, చెవి, వాంతులు, ఇప్పుడు నంది.

బస్సు ఎక్కితే వాంతులయ్యే మనిషి లేపాక్షికి ఎట్లా వస్తుంది?

నేను భూమి కోసం వస్తున్నాననుకుంటున్నావా? అదే నీ భయమైతే చెప్పు. నాయన భూమిలో నాకు గడ్డిపోచ అక్కరలేదని స్టాంపు కాగితం మీద రాసి ముందే పంపిస్తాను. నాకు మన గడప దగ్గర కూర్చుని అమ్మతో మాట్లాడాలని ఉంది. చుట్టం చూపుగా వచ్చిన యాత్రికురాలి మాదిరి గుళ్లో కలుసుకోను.

నీ ఉత్తరం కోసం ఇంక చూడను. విచారించాల్సిన బంధువు అని నీ పేరు, ఊరి పేరు రాసి దరఖాస్తు ఇచ్చేశాను. పోలీసులు వస్తే ఉన్నది చెప్పు. అంతకంటే నీ నుంచి ఏమీ అడగను.

అక్క


గుట్టకిందపల్లి
6 అక్టోబరు 2002

అక్కా,

పోలీసులు వచ్చారు. ఉన్నది చెప్పలేదు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. ఇది చించకముందే పోస్టు చేయాలని ముదిగుబ్బలో పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

పోయిన నెల ఇరవయ్యో తేదీ, ఊరంతా ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడి ఉంది. హెడ్ కానిస్టేబుల్ మోటారుసైకిల్ మీద అక్కడికే వచ్చాడు.

"ఈడ జయరాం అంటే ఎవురప్పా? వనజాక్షి అని మీ అక్క ఉండాదా, లంకలో?"

నేను నోరు తెరిచేలోగా మన పక్క చేను గంగాధరప్ప అందుకున్నాడు. "యాడి అక్క సార్? ఆయమ్మ ఆడ గలాటాలో సచ్చిపోయి పదేండ్లు దాటె. పదకొండో దినం మేమంతా ఈళ్లింట్లో బువ్వ తిన్నాం గదా."

"అయితే ఈ దరఖాస్తు పెట్టిందెవురప్పా, దయ్యమా?" అన్నాడు కానిస్టేబుల్.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు పెదవులు కదిపాను, అక్కా. ఆయన "చనిపోయినట్టు విచారణలో తెలిసింది" అని రాసి కాగితం నా ముందుకు తోశాడు. సంతకం పెట్టాను.

అది రెండో సంతకం. మొదటిది తొంభై ఒకటిలో పెట్టాను.

తొంభై జూన్ తర్వాత నీ ఉత్తరాలు ఆగిపోయాయి. నేను రాసినవాటికి జవాబు లేదు. పేపర్లో రోజూ మీ ఊరి పేరు, చనిపోయినవాళ్ల సంఖ్య. తొంభై ఒకటి జనవరిలో నాయన పోయాడు. ఆరెకరాలు నా పేరుకు మారితేనే బోరు వేయడానికి వీలు. భూమి కాగితాల ఆఫీసులో ఉన్నాయన "వారసుల్లో కూతురు ఉంది కదా, ఉంటే ఆమె సంతకం తే, లేకపోతే లేదని రాసియ్యి" అన్నాడు. నువ్వు లేవనే అప్పటికి నేను సగం నమ్మాను. మిగతా సగం అవసరం నమ్మించింది. రాసిచ్చాను. గంగాధరప్ప సాక్షి సంతకం చేశాడు. తర్వాత రెండెకరాలు ఆయనకే అమ్మి బోరు వేశాను. మూడు వందల అడుగులు పోయినా తెల్లటి దుమ్మే వచ్చింది.

ఊరు నమ్మాలి కదా అని నీకు కర్మ చేయించాను. ఇంకొకటి రాయాలి. అమ్మ కూడా నమ్మింది. తల మీద నీళ్లు పోసుకుంది. నాలుగు నెలలు సరిగా సంగటి ముట్టలేదు.

తొంభై నాలుగు ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చింది. దొడ్డి వెనక నిలబడి చదివాను. సంతోషంతో మళ్లీ మొదటి నుంచి చదివాను, అది అబద్ధం కాదు. లోపలికి పోయి చెబుదామని గడప దాకా పోయాను. అమ్మ కదిరమ్మతో ఏదో మాటకు నవ్వుతోంది. మూడేళ్లలో ఆ నవ్వు మొదటిసారి వినడం. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు గంగాధరప్ప కనిపించాడు. నువ్వు బతికి ఉంటే అమ్మకమూ చెల్లదు, నేనూ జైలుకు పోతానని తోచింది. ఇంకో రోజు చూద్దామనుకున్నాను. నీ ఉత్తరాలు ఊళ్లోకి రానీకుండా ముదిగుబ్బ పోస్టాఫీసులోనే తీసుకుంటూ వచ్చాను. అట్లా ఎనిమిదేళ్లు పోయాయి.

అమ్మ అన్నట్టు, కదిరమ్మ అన్నట్టు నీకు రాసిన మాటలన్నీ నావే. చీర నేను ధర్మవరంలో కొన్నానని చెప్పాను. అమ్మకు నువ్వు ఈ రోజుకూ లేవు.

నన్ను ఏమన్నా అను.

జయరాం


బట్టికలోవా
3 నవంబరు 2002

జయరాం,

నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందే కొలంబో నుంచి కాగితం వచ్చింది. ఇచ్చిన వివరాలు విచారణలో సరిపోలేదు కాబట్టి వీసా ఇవ్వలేమని. ఎవరో పొరపాటు పడ్డారనుకుని నీకు ఫిర్యాదు రాయబోతున్నాను.

తిట్టడానికి కూర్చుని లేచాను. ఆసుపత్రికి పోయి డ్యూటీ చేశాను. ఒక రోగికి సూది వేస్తూ నేను చచ్చిపోయానని మా ఊళ్లో అన్నం పెట్టారని గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

నా ట్రంకులో నీ ఉత్తరాలు కట్టగా ఉన్నాయి. "అమ్మ అడిగింది", "అమ్మ చెప్పమంది" అన్న చోటల్లా కింద గీత గీసుకున్నాను. నిన్న వాటిని మళ్లీ చదివాను. ఒక చోట అమ్మ "జొరం వస్తే తలకు తడిగుడ్డ వేసుకో" అందని రాశావు. అది చదివి ఇక్కడ ఒంటరిగా ఉన్న నేను లేచి గుడ్డ తడుపుకున్నాను. అదీ నువ్వేనా?

పన్నెండేళ్లుగా నేను పెట్టలేని సంతకం నువ్వు రెండుసార్లు పెట్టావు. ఇంతకంటే నిన్ను అనడానికి నా దగ్గర ఏమీ లేదు.

గంగాధరప్ప భూమి ఆయనకే ఉండనీ. ఆ అమ్మకం నాకు సమ్మతమేనని రాసి దీనితో పెట్టాను. నువ్వు జైలుకు పోవడం నాకు వద్దు. నాకు కావలసింది ఒకటే. ఈ ఉత్తరం పట్టుకుని అమ్మ ముందు కూర్చో. నీ నోటితోనే చెప్పు. కదిరమ్మ చేత చెప్పించకు. అమ్మకు తెలిసేదాకా నేను మళ్లీ వీసా అడగను, నీకు ఉత్తరమూ రాయను.

వనజాక్షి


గుట్టకిందపల్లి
8 డిసెంబరు 2002

లంకలో ఉండే ఆ బిడ్డకు,

ఓబులమ్మ చెప్పేది ఏందంటే. నా మనమరాలు మల్లీశ్వరి రాస్తాండాది. ఒక్క మాట మార్చినా నీళ్లు కూడా తాగనని దానికి ఒట్టు పెట్టినా.

మొన్న నా కొడుకు వచ్చి నా కాళ్లకాడ కూసున్నాడు. "అమ్మా, అక్క బతికుండాది" అనె. ఏదో ఉత్తరం చదివె, ఏడ్చె. నేను ఏడవలే. వాని దిక్కే చూస్తా కూసున్నా.

ఒకతూరి సచ్చిపోయిందని చెప్పినాడు. నమ్మినా. తల మీద నీళ్లు పోసుకున్నా. దాని పేరుతో కాకికి ముద్ద పెట్టినా. ఆ కాకి ఎంతసేపటికీ రాకపోతే, నా మీద కోపం దానికి, అందుకే రాలేదని గోడకు తల కొట్టుకున్నా. ఇప్పుడు బతికుండాదంటాడు. మల్ల రేపు ఏమంటాడో? వాడు సచ్చిందంటే సావాల, బతికిందంటే బతకాలనా? నేనేమన్నా పిచ్చిదాన్నా?

భూమి కోసం ఎవురో నా బిడ్డ పేరు పెట్టుకొని రాస్తాండారేమో నాకెట్లా తెల్సు? ఫోటో పంపుతామన్నా వద్దు. నా కండ్లకు పొర వచ్చింది, ఫోటో తెలీదు.

నేను ఒకటి అడుగుతా. నువ్వు నా బిడ్డ వనజాక్షివే అయితే చెప్పు. నా బిడ్డ ఇల్లు విడిచి పోయిన పొద్దు, మొగోళ్లు ఇంట్లో లేరు. వాళ్ల నాయన చేనికి పోయినాడు. జయరాం అనంతపురంలో హాస్టల్లో ఉన్న్యాడు. ఆ పొద్దు నా బిడ్డ చేతికి నేను ఏమిచ్చి పంపినా? అది మా ఇద్దరికే తెల్సు. ఇంగ ఈ భూమ్మీద ఎవురికీ తెలీదు.

చెప్పగలిగితే చెప్పు. లేకుంటే మమ్మల్ని ఇడిసిపెట్టు తల్లీ. సచ్చినోళ్లను లేపొద్దు.

వేలిముద్ర
ఓబులమ్మ

(అత్తా, అవ్వ చెప్పింది చెప్పినట్టే రాశాను. మా నాయన ఈ ఉత్తరం చూడలేదు. మల్లీశ్వరి.)


బట్టికలోవా
29 డిసెంబరు 2002

అమ్మకు,

మల్లీశ్వరీ, ఇది అవ్వకు మాత్రమే చదువు. గట్టిగా, నిదానంగా చదువు.

అమ్మా, నువ్వు నాకు ఏమీ ఇచ్చి పంపలేదు.

అది ఎండాకాలం. పొద్దు ఇంకా గుట్ట ఎక్కలేదు. అంతకు ముందు రోజు నాయన నన్ను బయట నిలబెట్టి, ఆ లంకవాణ్ణి చేసుకుంటే ఈ గడప తొక్కొద్దన్నాడు. నేను ఆ రాత్రి పక్కవీధి మారెక్క ఇంట్లో పడుకున్నాను. తెల్లవారి నాయన చేనికి పోవడం చూసి మన వాకిట్లోకి వచ్చాను. తలుపు వేసి ఉంది. లోపల నువ్వు జొన్నరొట్టె తడుతున్నావు, ఆ చప్పుడు బయటికి వినిపిస్తోంది. నేను తలుపు కొట్టి "అమ్మా, పోతున్నా" అన్నాను.

రొట్టె చప్పుడు ఆగిపోయింది. నువ్వు విన్నావని నాకు అట్లా తెలిసింది.

ఇంకోసారి కొట్టాను. నువ్వు రాలేదు. తలుపు తీయలేదు. నేను సంచి ఎత్తుకుని వీధి చివర దాకా పోయాను. అంతసేపూ ఆ చప్పుడు మళ్లీ మొదలు కాలేదు. పెనం మీది రొట్టె మాడిపోయి ఉంటుందని బస్సులో కూర్చున్నాక కూడా అనుకున్నాను.

ఈ సంగతి నేను మీ అల్లుడికి చెప్పలేదు. అమ్మ ఏమిచ్చింది అని అడిగితే, జొన్నరొట్టెలు కట్టిచ్చింది, దారిలో తిన్నాను అని అబద్ధం చెప్పాను. తొంభైలో ఉత్తరాలు ఆగిపోవడానికి సగం కారణం యుద్ధం. పోస్టు లేదు, నేను శిబిరాల్లో తిరిగాను. మిగతా సగం ఇది. ఆయన్ను పోగొట్టుకున్నాక, ఆ తలుపుకు రాసి ఏం లాభమని రెండేళ్లు రాయలేదు. ఆ తప్పు నాది. నేను రాసి ఉంటే జయరాం కాగితం మీద అబద్ధం నిలిచేది కాదు.

నీ మీద నాకు కోపం లేదని రాయలేను. చాలా ఏళ్లు ఉంది. నువ్వు కాకి రాలేదని తల కొట్టుకున్నావని చదివాక, ఎక్కడ వెతికినా ఆ కోపం నాకు దొరకలేదు.

నీ కూతురు
వనజాక్షి


గుట్టకిందపల్లి
2 ఫిబ్రవరి 2003

అక్కా,

నాకు రాయనన్నావు, నన్ను రాయొద్దనలేదు కదా. ఇది అమ్మ రాయమంటే రాస్తున్నాను. నాతో నేరుగా చెప్పలేదు. అమ్మ నాతో మాట్లాడి రెండు నెలలవుతోంది. కదిరమ్మతో "వాన్ని రాయమను" అంది.

నీ ఉత్తరం మల్లీశ్వరి లోపల తలుపు వేసుకుని చదివింది. నేను బయట గొర్రెల దగ్గర ఉన్నాను. ఏమి రాశావో నాకు తెలియదు, పాప చెప్పదు. తర్వాత అమ్మ బయటికి వచ్చి, ఎండలో నిలబడి, కదిరమ్మను పిలిచి అడిగింది: "ముదిగుబ్బకు బస్సు ఎన్నింటికే?"

కదిరమ్మ వద్దంది, రేపు పోదామంది. అమ్మ వినలేదు. నేనూ పాపా వెంట పోయాం. వాంతులు ఏమీ కాలేదు, అక్కా. అదీ నేను రాసిన అబద్ధమే.

స్టేషన్‌లో ఆ హెడ్ కానిస్టేబులే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను ముందే రాసి పెట్టుకున్న కాగితం ఇచ్చాను. మా అక్క బతికి ఉంది, నేను రెండుసార్లు అబద్ధం రాసిచ్చాను అని. ఆయన ఎగాదిగా చూసి, "ఇది శానా పెద్ద తప్పప్పా, ఊరికే పోయేది కాదు" అన్నాడు. నేను తలూపాను. భూమి కాగితాల ఆఫీసులో కూడా ఇదే రాసిచ్చాను. ఏమి చేస్తారో ఇంకా చెప్పలేదు. గంగాధరప్ప మా వాకిట్లోకి వచ్చి కేకలు వేశాడు. నువ్వు రాసి పంపిన సమ్మతి చూపిస్తే తగ్గాడు.

అమ్మ కింద కూర్చోలేదు, బల్ల దగ్గరే నిలబడింది. కానిస్టేబుల్ కొత్త కాగితం తీసి అడగడం మొదలుపెట్టాడు.

"అవ్వా, వనజాక్షి నీకేమవుతాది?"

"నా కూతురు. నా కడుపున పుట్టింది."

"బతికుండాదని నీకెట్లా తెల్సు?"

"నేను ఒకటి అడిగినా. అది చెప్పింది."

"ఏం అడిగినావు?"

"అది నీకెందుకప్పా? నువ్వు రాసుకునేది రాసుకో."

ఆయన నవ్వి రాసుకున్నాడు. ఏ పని మీద వస్తుంది, ఎవరింట్లో ఉంటుంది, అన్నీ అడిగాడు. చివరకు, "ఆయమ్మ ఫారినరు గదా అవ్వా, వచ్చినాంక ఈడికొచ్చి పేరు రాయించుకోవాల. నెల దినాలే ఉండాల. ఆ తర్వాత పోవాల" అన్నాడు.

"ఫారినరంటే ఏంది?" అని అమ్మ మల్లీశ్వరిని అడిగింది.

పాప ఇబ్బంది పడింది. కానిస్టేబులే చెప్పాడు. "అంటే మన మనిషి కాదని అవ్వా. వేరే దేశం మనిషని."

అమ్మ బల్ల మీద కాగితం ఉన్న చోట చేత్తో తడిమింది. నాకు భయమేసింది, ఏమంటుందో, తిరిగి వచ్చేస్తుందేమోనని. కొంతసేపటికి వేలు సిరాలో అద్దమని చెయ్యి చాచింది.

"రాసుకోప్పా" అంది. "సచ్చిపోయిందని రాసేదానికంటే అది మేలు."

తమ్ముడు
జయరాం